ప్రాజెక్టుతో పాటు చిట్టా కూడా అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్న అధ్యాపకులకు,



నేను హైదరాబాదులో పంతొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఎక్కువ కాలం జావాలో, ఈ మధ్య కొంత పైథాన్‌లో. మీ దగ్గర చదువుకున్న పిల్లలు ఏటా నలుగురైదుగురు మా టీమ్‌లో చేరుతుంటారు. వాళ్లలో కొందరు ఆల్గారిథమ్‌లు నాకంటే బాగా రాస్తారు. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ నడుస్తున్న సిస్టమ్ ఎక్కడో ఆగిపోయినప్పుడు లాగ్ ఫైలు చేతిలో పెట్టి "ఏం జరిగిందో చూసి చెప్పమ్మా" అంటే మొహం తేలేస్తారు. ఫైలు మొదటి వరుస నుంచి కిందికి జరుపుకుంటూ పోతారు, పది నిమిషాల తర్వాత "సార్, చాలా ఉంది" అంటారు. తప్పు వాళ్లది కాదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ వాళ్ల ముందు ఒక లాగ్ పెట్టి చదవమనలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మా నాన్న తెనాలిలో ఒక బియ్యం కొట్టులో గుమస్తా. ముప్పై ఏళ్లు చిట్టా రాశారు. కొట్టులో రెండు పుస్తకాలుండేవి. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగిన వరసలోనే పడేది: ఎవరికి ఎన్ని బస్తాలు వెళ్లాయి, ఎవరు ఎంత జమ కట్టారు, బండి కూలీ ఎంత. రాత్రి కొట్టు కట్టేశాక అందులోంచి ఆవర్జాలోకి ఎక్కించేవారు, ఎవరి ఖాతా కింద వాళ్లది. ఆవర్జా తిప్పితే ఎవరు ఎంత బాకీయో తెలుస్తుంది. ఆ బాకీ ఎలా పెరిగిందో చిట్టాయే చెప్పాలి. తగాదా వస్తే షావుకారు అడిగేది కూడా చిట్టానే. తప్పు పడితే అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన రాయాలి. చెరిపితే మాత్రం నాన్న ఒప్పుకునేవారు కాదు.

సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ మన ఆవర్జా. లాగ్ మన చిట్టా. ఆవర్జా ఎలా కట్టాలో మీరు ఒక సెమిస్టరంతా చెబుతారు, నార్మల్ ఫారాలతో సహా. అందులోనే ఒక అధ్యాయంలో రైట్ అహెడ్ లాగింగ్ కూడా వస్తుంది: డేటాబేస్ ఏ మార్పైనా ముందు తన చిట్టాలో రాసుకున్నాకే అసలు పేజీల్లోకి ఎక్కిస్తుందని, మధ్యలో కరెంటు పోతే ఆ చిట్టా చదువుకునే మళ్లీ నిలబడుతుందని. డేటాబేస్ రాసినవాళ్లకు ఉన్న ఈ జాగ్రత్త, దాని మీద ప్రోగ్రామ్ రాసే మన పిల్లలకు ఎందుకు నేర్పడం లేదన్నదే నా ప్రశ్న.

ఇది నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. 1980లలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ ప్రోగ్రామ్ కోసం సిస్‌లాగ్ రాశారు. అందులోని ఎనిమిది తీవ్రత స్థాయులు, సున్నా నుంచి ఏడు వరకు, ఇవాళ్టికీ లినక్స్ సర్వర్లలో అలాగే ఉన్నాయి. జావాలో జెకి గుల్‌జు మొదలుపెట్టిన లాగ్‌ఫోర్‌జే, పైథాన్‌లో 2003 నుంచి భాషతో పాటే వస్తున్న లాగింగ్ మాడ్యూల్, అన్నీ ఆ ఆలోచనకు వారసులే. ఇంత చరిత్ర ఉన్న విషయం ల్యాబ్ రికార్డులో ఒక్క పేజీకి నోచుకోలేదు.

ఒక రాత్రి సంగతి చెప్పాలి. 2014లో ఒక ఆరోగ్య బీమా సంస్థకు మా బృందం పని చేసేది. రాత్రి పదింటికి ఫోను వచ్చింది, ఆసుపత్రుల నుంచి వస్తున్న డిశ్చార్జి క్లెయిములు ఆమోదం కాకుండా నిలిచిపోతున్నాయని. క్లెయిము తేలకపోతే ఆసుపత్రి పేషెంటును పంపదు. బిల్లింగ్ కౌంటర్ల దగ్గర కుటుంబాలు నిలబడి ఉన్నాయి. లాగ్ తెరిస్తే ఒకటే వాక్యం, వేల సార్లు: "క్లెయిము ప్రాసెసింగ్‌లో ఎర్రర్: నల్". ఏ క్లెయిము, కోడ్‌లో ఏ చోట, దేనికోసం వెతికితే దొరకలేదు, ఏమీ లేదు. ఆ కోడ్ రాసినతను ఎక్సెప్షన్‌ను పట్టుకుని, దాని సందేశం మాత్రం తీసి రాసి, మిగతాదంతా పారేశాడు. నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌కు అప్పట్లో సందేశమే ఉండేది కాదు, అందుకే ఆ "నల్". ఊహించి ఊహించి చివరికి తెల్లవారుజామున మూడున్నరకు ఆ ఒక్క వరుస మార్చి, ఎక్సెప్షన్‌ను మొత్తంగా లాగర్‌కు ఇచ్చి, మళ్లీ సర్వర్ మీద పెట్టాం. ఐదు నిమిషాల్లో స్టాక్ ట్రేస్ కనిపించింది. ఒక ఆసుపత్రి కోడ్ మాస్టర్ టేబుల్‌లో లేదు. దిద్దడానికి పట్టింది పది నిమిషాలు.

ఐదున్నర గంటలు ఆ కుటుంబాలు నిలబడింది ఒక ఆర్గ్యుమెంట్ కోసం. లాగర్‌కు ఎక్సెప్షన్‌ను చివరి ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే స్టాక్ ట్రేస్ అంతా ఫైలులో పడుతుంది. సందేశాన్ని మాత్రం వాక్యానికి అతికిస్తే పడదు. ఇంతే తేడా. 2020లో వచ్చిన జావా 15 నుంచి నల్ పాయింటర్ కూడా ఏది నల్ అయిందో చెబుతోంది, కొంత నయం. కానీ ఎక్సెప్షన్‌ను మింగేసే అలవాటును ఏ జావా వెర్షనూ మాన్పించలేదు. అది మొదటి ప్రోగ్రామ్ రాసిన రోజునే అబ్బుతుంది. ఖాళీ క్యాచ్ బ్లాకు రాసిన విద్యార్థికి అవుట్‌పుట్ సరిగ్గా వస్తే మీరు పూర్తి మార్కులు వేస్తున్నారు. అక్కడే ఆగి ఎందుకని అడగమని కోరుతున్నాను.

చదవడం గురించి కూడా ఒక మాట. మా పిల్లలు లాగ్‌లో ఎప్పుడూ చివరి ఎర్రర్ దగ్గరికి వెళతారు, తాజాది కదా అని. జావాలో ఇది పెద్ద ఉచ్చు. ఒకే చోట ఒకే రకం ఎక్సెప్షన్ వేలసార్లు పుడుతుంటే, జావా వర్చువల్ మెషీన్ కొంతసేపటికి వేగం కోసం స్టాక్ ట్రేస్ కట్టడమే మానేస్తుంది. అప్పుడు ఫైలు చివర ఎక్సెప్షన్ పేరొక్కటే మిగులుతుంది. "ట్రేస్ రావడం లేదు సార్" అని వచ్చిన అమ్మాయిని వెనక్కి, ఆ ఎర్రర్ మొట్టమొదట పడిన చోటికి వెళ్లమన్నాను. రెండు రోజుల కిందటి ఫైలులో నిండు ట్రేస్ ఉంది. మా నాన్న కూడా లెక్క తేడా వస్తే ఆఖరుసారి సరిపోయిన రోజు పేజీ తీసి, అక్కడి నుంచి ముందుకు వచ్చేవారు. స్టాక్ ట్రేస్‌లో కూడా అంతే. పైన కనిపించే ఎక్సెప్షన్ చాలాసార్లు చుట్టిన కాగితం మాత్రమే, అన్నిటికన్నా కింద ఉన్న "కాజ్డ్ బై" దగ్గర అసలు సరుకు ఉంటుంది.

ఇక కాన్ఫిగరేషన్. కొత్తవాళ్లు ఎక్కువ రోజులు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మొదటి ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "లాగ్ రాశాను, ఏమీ రావడం లేదు." జావాలో చాలా ప్రాజెక్టులు ఎస్ఎల్ఎఫ్‌ఫోర్‌జే వాడతాయి. అది కేవలం ముఖద్వారం. వెనక లాగ్‌బ్యాక్ లాంటి అసలు లైబ్రరీ ఒకటి ఉండాలి. లేకపోతే అది ప్రోగ్రామ్ మొదలైనప్పుడే హెచ్చరిక రాసి, ఆ తర్వాత మనం రాసినదంతా నిశ్శబ్దంగా పారేస్తుంది. ఆ హెచ్చరిక పిల్లలకు రోజూ కనిపిస్తుంది. రోజూ కనిపిస్తుంది కాబట్టే చదవరు. వెనక రెండు లైబ్రరీలు ఉంటే ఇంకో రకం చిక్కు: ఏదో ఒకటి ఎంచుకుంటుంది, మనం దిద్దుతున్న కాన్ఫిగరేషన్ మాత్రం రెండోదానిది. పైథాన్‌లో రూట్ లాగర్ మొదటి నుంచీ వార్నింగ్ స్థాయిలో ఉంటుంది, ఇన్ఫో రాస్తే కనిపించదు. సరేనని బేసిక్ కాన్ఫిగ్ పిలిస్తే, అప్పటికే ఏదో లైబ్రరీ రూట్‌కు హ్యాండ్లర్ తగిలించి ఉంటే ఆ పిలుపు ఏమీ చెయ్యదు, తప్పని కూడా చెప్పదు. డిక్ట్ కాన్ఫిగ్ వాడితే, వద్దని విడిగా చెప్పనంతవరకు, అంతకు ముందు పుట్టిన లాగర్లలో కాన్ఫిగరేషన్‌లో పేరు లేనివాటి నోరు మూసేస్తుంది.

రెండో ఫిర్యాదు దానికి తిరగేసింది: "ప్రతి వరుసా రెండుసార్లు వస్తోంది." లాగర్లు చెట్టులా ఉంటాయి. కొమ్మకు, లాగ్‌ను రాసిపెట్టే అపెండర్ ఒకటి తగిలించి, వేరుకు ఇంకొకటి తగిలిస్తే, సందేశం కొమ్మ దగ్గర ఒకసారి రాయించుకుని, వేరు దాకా నడిచి అక్కడ మళ్లీ రాయించుకుంటుంది. జావాలో యాడిటివిటీ ఫాల్స్ అని పెడితే ఆగుతుంది. ఇది తెలియక రెండోసారి వస్తున్న వరుసల్ని వడకట్టడానికి ఒక కుర్రాడు ప్రత్యేకంగా స్క్రిప్టు రాశాడు. చక్కని స్క్రిప్టు. వారం రోజుల శ్రమ.

ఈ చిక్కులన్నిటికీ నేను నేర్పే మొదటి మెట్టు ఊహించడం ఆపి లాగింగ్ లైబ్రరీనే అడగడం. లాగ్‌బ్యాక్ కాన్ఫిగరేషన్ ఫైలు మొదటి వరుసలో డీబగ్ ట్రూ అని పెడితే, లాగ్‌ఫోర్‌జే 2లో అయితే స్టేటస్ డీబగ్ అని పెడితే, అది ఏ ఫైలు చదివిందో, ఎక్కడి నుంచి తీసిందో, ఏ అపెండర్‌ను కట్టిందో వరసగా చెబుతుంది. నా అనుభవంలో చాలాసార్లు తేలేది ఇదే: మనం దిద్దుతున్న ఫైలు ఒకటి, ప్రోగ్రామ్ చదువుతున్నది ఇంకో జార్‌లో దాక్కున్న అదే పేరు ఫైలు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పే అధ్యాపకులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఐనోడ్, లింక్ కౌంట్ పాఠం మీరు బోర్డు మీద చెబుతారు, పరీక్షలో వస్తుంది, అయిపోతుంది. అదే పాఠం మాకు అర్ధరాత్రి వస్తుంది. ఎవరో డీబగ్ స్థాయి తెరిచి మూయడం మరచిపోతారు, లాగ్ ఉబ్బుతుంది, డిస్కు నిండుతుంది, అదే డిస్కు మీదున్న డేటాబేస్ ఆగిపోతుంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు కంగారుగా ఆ ఫైలు తుడిచేస్తాడు. డిస్కు మాత్రం ఖాళీ కాదు. డీఎఫ్ కొడితే నిండుగా ఉందంటుంది, డీయూ కొడితే ఫైళ్లే లేవంటుంది. ప్రోగ్రామ్ ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే ఉంది కాబట్టి, పేరు పోయినా ఐనోడ్ బతికే ఉంది. ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదలుపెడితేనో, ఫైలును తుడవకుండా సున్నాకు కుదిస్తేనో చోటు తిరిగి వస్తుంది. ఈ ప్రయోగం ల్యాబ్‌లో పావుగంటలో చేయించవచ్చు. చేసిన విద్యార్థి ఐనోడ్‌ను జన్మలో మరచిపోడు.

థ్రెడ్‌ల పాఠం కూడా ఇలాగే బతికి వస్తుంది. ఒకే సెకనులో రెండొందల మంది అభ్యర్థనలు వస్తే వాళ్ల వరుసలన్నీ లాగ్‌లో కలగాపులగం అవుతాయి. అందుకని ప్రతి అభ్యర్థనకూ ఒక సంఖ్య ఇచ్చి, ప్రతి వరుసలోనూ అది పడేలా చేస్తాం. జావాలో ఆ సంఖ్య థ్రెడ్‌కు కట్టి ఉంటుంది. పనిని థ్రెడ్ పూల్‌లో ఇంకో థ్రెడ్‌కు అప్పజెప్పిన క్షణంలో సంఖ్య జారిపోతుంది. ఇంకా ఘోరం, ఆ థ్రెడ్ అంతకు ముందు చేసిన వేరే మనిషి సంఖ్య తగిలి ఉండొచ్చు. అప్పుడు లాగ్ లేకపోవడమే నయం. ఉన్నది అబద్ధం చెబుతుంది.

ఏం రాయాలి అన్నది నా దృష్టిలో భాషా విషయం. "పేమెంటు ఫెయిలైంది" అని రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. "ఆర్డర్ 48213, బ్యాంకు నుంచి 30 సెకన్లలో జవాబు రాలేదు, ఇది రెండో ప్రయత్నం, ఇంకొకటి మిగిలింది" అని రాస్తే వాడికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది, తొందరపడాలో అక్కర్లేదో కూడా తెలుస్తుంది. రెండో ప్రయత్నమే కాబట్టి దాని స్థాయి వార్న్. మూడోదీ పోతే ఎర్రర్. ఎర్రర్ అంటే ఒక మనిషి నిద్ర లేచి చూడాల్సిన విషయం అని నేను మా వాళ్లకు చెబుతాను. ప్రతిదానికీ ఎర్రర్ పెట్టిన ప్రోగ్రామ్‌ను నెలలోపే ఎవరూ చూడటం మానేస్తారు.

ఏం రాయకూడదో కూడా నేర్పాలి. ఇందులో నా చెయ్యే కాలింది. 2016లో ఒక సమస్య వెతకడానికి, వచ్చిన అభ్యర్థన మొత్తాన్ని లాగ్‌లో రాసే వరుస పెట్టాను. అందులో ఫోను నంబర్లు, పాన్ నంబర్లు, ఓటీపీలు ఉన్నాయి. మూడు వారాల తర్వాత ఆడిట్‌లో బయటపడేదాకా, సర్వర్‌లోకి వెళ్లగల ప్రతి ఒక్కరికీ అవి కనిపించాయి. ఆ మూడు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. పెద్దపెద్దవాళ్లకూ జరిగింది ఇది. 2018 మే నెలలో ట్విట్టర్, పాస్‌వర్డ్‌లు హ్యాష్ కాకముందే లోపలి లాగ్‌లో మామూలు అక్షరాల్లో పడుతున్నాయని కనిపెట్టి, తన 33 కోట్ల మంది వాడుకరులనూ పాస్‌వర్డ్ మార్చుకోవడం గురించి ఆలోచించమని కోరింది. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పౌరుల వివరాలు పడిన లాగ్ కూడా దాని కిందికే వస్తుందని పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

సైబర్ సెక్యూరిటీ బోధించేవారికి 2021 డిసెంబరు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది నవంబరు 24న అలీబాబా క్లౌడ్ భద్రతా బృందానికి చెందిన చెన్ జావోజున్, లాగ్‌ఫోర్‌జే 2లో ఒక లోపాన్ని అపాచీ సంస్థకు తెలియజేశారు. లాగ్‌లో రాయమని ఇచ్చిన వాక్యంలో డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్ మధ్య జేఎన్‌డీఐ చిరునామా ఒకటి ఉంటే, లైబ్రరీ దాన్ని వట్టి అక్షరాలుగా రాసి ఊరుకోకుండా, ఆ చిరునామాకు వెళ్లి అక్కడున్న కోడ్ తెచ్చి నడిపేది. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్ పెట్టెలో ఒక వరుస టైపు చేసినా చాలు, సర్వర్ చేజిక్కేది. తీవ్రత కొలమానంలో దానికి పదికి పది వచ్చింది. 2.15.0తో మొదలై డిసెంబరు ఒక్క నెలలోనే నాలుగు మరమ్మతు వెర్షన్లు విడుదలయ్యాయి. ఆ లైబ్రరీని చూసుకుంటున్నవాళ్లు స్వచ్ఛందంగా పని చేసే కొద్దిమంది. ప్రపంచమంతా వాళ్ల మీద ఆధారపడి ఉందని ఆ నెలలోనే చాలామందికి తెలిసింది. మా బృందం సంక్రాంతి దాకా ఏ జార్‌లో ఏ జార్ దాగి ఉందో వెతుకుతూనే ఉంది. ఆ లోపానికి మూలమైన సౌకర్యం 2013లో చేర్చినది. ఎనిమిదేళ్లు ఎవరి కంటా పడలేదు, ఎందుకంటే లాగింగ్‌ను చూడాల్సిన వస్తువుగా ఎవరూ అనుకోలేదు.

ప్రభుత్వం మాత్రం చూడాల్సిందే అంటోంది. 2022 ఏప్రిల్ 28న దాని సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజులు దాచాలి, గడియారాలను దేశపు ప్రామాణిక సమయంతో కలుపుకోవాలి. గడియారం సంగతి తేలిక అనుకోకండి. ఒక సర్వర్ మన సమయంలో, ఇంకొకటి యూటీసీలో రాస్తుంటే ఐదున్నర గంటల తేడా. ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు కనిపిస్తుంది. సమయంతో పాటు ఏ మండలమో కూడా రాయించడం ఒక్క సెట్టింగు.

మన భాషకు సంబంధించిన ఒక చిన్న విషయం కూడా. తెలుగులో నింపిన పేర్లు, ఊళ్లు చాలా లాగ్‌లలో వరుసగా ప్రశ్న గుర్తులై కనిపిస్తాయి. ప్రోగ్రామ్ బాగానే ఉంటుంది, ఫైలు రాసే అపెండర్‌కు యూటీఎఫ్-8 అని చెప్పరు. 2022లో జావా 18 వచ్చేదాకా భాష దాన్ని తనంతట తాను అనుకునేది కాదు. పాత వెర్షన్ల మీద నడిచేవి ఇంకా ఎన్నో ఉన్నాయి. తెలుగు పేరున్న రైతు దరఖాస్తు ఎందుకు ఆగిందో వెతకబోతే ఆ పేరే కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నేను కొత్త పేపరు పెట్టమని అడగడం లేదు. సిలబస్ మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. ఫైనలియర్ ప్రాజెక్టు చూసేటప్పుడు, తెర మీద అన్నీ చక్కగా నడిచాక, డేటాబేస్‌ను ఆపేసి మళ్లీ నడపమనండి. తర్వాత స్క్రీన్ మూయించి లాగ్ ఒక్కటే తెరిపించండి. ఆ ప్రోగ్రామ్ రాయని ఇంకో విద్యార్థిని పిలిచి, దాన్ని చదివి ఏం జరిగిందో చెప్పమనండి. చెప్పగలిగితే ప్రాజెక్టు రాసినవాళ్లకు పది మార్కులు. ఆ పది మార్కులుంటాయని ముందే తెలిస్తే ప్రింట్ స్టేట్‌మెంట్లు వాటంతట అవే మాయమవుతాయి.

ల్యాబ్‌కు కావలసిన సరుకు నేను ఇస్తాను. నేను చూసిన ఏడు సంఘటనలను మా ఇంట్లో కంప్యూటర్ మీద కల్పిత పేర్లతో, కల్పిత అంకెలతో మళ్లీ నడిపించి, ఏడు లాగ్ ఫైళ్లు తయారు చేశాను. జవాబులు వేరే కాగితం మీద ఉన్నాయి. ఏ కళాశాల పిలిచినా శనివారాల్లో వస్తాను. ప్రయాణ ఖర్చులు నావే. ఆరు ఫైళ్లలో జవాబు ఏదో ఒక వరుసలో దొరుకుతుంది. ఏడోది ఆ డిశ్చార్జి రాత్రిది. అందులో జవాబు లేదు. లేదని ధైర్యంగా చెప్పి, ప్రోగ్రామ్‌లో ఏ చోట ఏ వరుస రాసి ఉంటే దొరికేదో చూపించడమే ఆ ల్యాబ్.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు